పాత లాప్‌టాప్‌లో తెలుగు డెస్క్‌టాప్ అమరిక: ముందు ఎత్తు లెక్క చూడండి

మండల గ్రంథాలయానికి విరాళంగా వచ్చిన పాత లాప్‌టాప్‌లలో లినక్స్ వ్యవస్థపై నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్‌ను తెలుగులో అమర్చిన మీరు, దాని రూపాన్ని మెరుగుపరచడానికి ఆరు మార్పులు ఆలోచించారు. కింది ప్యానెల్‌ను (తెర అంచున మెనూ, ఐకాన్లు ఉండే పట్టీని) అదే అంచున మధ్యకు చేర్చి డాక్‌లా, అంటే మధ్యకు సర్దిన ఐకాన్ల వరుసలా చేయడం, ఐకాన్ల పేర్లు తీసివేయడం, అన్ని ప్రోగ్రాముల మెనూలనూ పై ప్యానెల్‌లోనే చూపడం, విండో తెరంతా పరుచుకున్నప్పుడు టైటిల్ బార్‌ను (విండో పేరు, మూసే బొత్తాం ఉండే పై పట్టీని) దాచడం, ప్యానెల్‌ను పారదర్శకం చేయడం, అక్షరాలను 9 పాయింట్లకు తగ్గించడం మీ జాబితాలో ఉన్నాయి. ఇవి సరైనవేనా, సరైనవైతే ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్రాజెక్టు వారికి ఎలా ప్రతిపాదించాలి అన్నది మీ ప్రశ్న. చాలా ఏళ్లుగా తెలుగు స్థానికీకరణలోనూ, కొత్తగా కంప్యూటరు నేర్చుకునేవారికి శిక్షణ ఇవ్వడంలోనూ గడిపినవాణ్ణి కనుక, ఆ అనుభవంతో కొంచెం వివరంగా సమాధానమిస్తాను.

మీరు గుర్తించిన సమస్య నిజమైనదే: తెర ఇరుకుగా ఉంది. కానీ ఆ ఇరుకును తగ్గించడానికి మీరు అక్షరాలనూ పేర్లనూ త్యాగం చేస్తున్నారు. కోత పడవలసిన చోటు అది కాదు.

మీరు పంపిన తెరచిత్రాన్ని కొలిచి చూశాను. తెర 1366 × 768 పిక్సెళ్లది. పై ప్యానెల్ 28 పిక్సెళ్లు, కింది ప్యానెల్ 48 పిక్సెళ్లు తీసుకుంటున్నాయి. పత్రాలు రాసుకునే లిబ్రేఆఫీస్ రైటర్ తెరిచినప్పుడు టైటిల్ బార్‌కు 26, మెనూకు 28, రెండు టూల్‌బార్లకు కలిపి 72, రూలర్‌కు 20, అడుగున ఉండే స్టేటస్ బార్‌కు 26, వెరసి 172 పిక్సెళ్లు పోతున్నాయి. ప్యానెళ్లతో కలిపితే 248. అంటే 768లో రాసుకోవడానికి మిగిలింది 520 మాత్రమే. 12 పాయింట్ల తెలుగు అక్షరాల్లో పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగలకుండా ఉండాలంటే వరుసకు సుమారు 28 పిక్సెళ్ల ఎత్తు కావాలి. ఆ లెక్కన అర్జీ రాసుకోవడానికి వచ్చిన మనిషికి ఒకసారికి కనిపించేవి 18 వరుసలే.

ఇప్పుడు వెడల్పు చూడండి. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. అంగుళానికి 96 పిక్సెళ్ల లెక్కన అది తెరపై 794 పిక్సెళ్లవుతుంది. 1366లోంచి అది పోగా 572 పిక్సెళ్లు పేజీకి అటూ ఇటూ బూడిద రంగులో ఖాళీగా పడి ఉన్నాయి. మన దగ్గర వెడల్పు పుష్కలంగా ఉంది, ఎత్తుకే కరువు. పాత 1024 × 768 తెరల నుంచి ఈ తెరలకు వచ్చినప్పుడు ఎత్తు ఒక్క పిక్సెల్ కూడా పెరగలేదు, పెరిగినదంతా పక్కకే పెరిగింది. విండోస్ 95లో టాస్క్‌బార్ తెర అడుగున స్థిరపడిన నాటికి తెరలు ఇంత వెడల్పుగా ఉండేవి కావు. తెర ఆకారం మారినా పట్టీ మాత్రం అలవాటుగా అక్కడే ఉండిపోయింది. లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు వారు 2010లో చిన్న నెట్‌బుక్‌ల కోసం యూనిటీ అనే డెస్క్‌టాప్‌ను తెచ్చినప్పుడు లాంచర్‌ను, అంటే ప్రోగ్రాములు తెరిచే పట్టీని, ఎడమ పక్కన నిలబెట్టారు. 2017లో యూనిటీని వదిలి గ్నోమ్ అనే మరో డెస్క్‌టాప్‌కు మారిన తర్వాత కూడా ఆ నిలువు పట్టీని ఎడమ వైపే ఉంచుకున్నారు.

అందుచేత నా మొదటి సూచన ఇది: రెండు ప్యానెళ్లనూ తీసివేసి, ఎడమ అంచున నిలువుగా ఒకే ప్యానెల్ పెట్టండి. రైటర్‌లో వ్యూ మెనూలోని యూజర్ ఇంటర్‌ఫేస్ ఎంపికకు వెళ్లి ఒకే టూల్‌బార్ ఉండే అమరికను ఎంచుకోండి. అప్పుడు ప్యానెళ్లకు పోయే 76 పిక్సెళ్లు, టూల్‌బార్‌కు పోయే 36 పిక్సెళ్లు తిరిగి వస్తాయి. రాసే చోటు 520 నుంచి 632 పిక్సెళ్లకు పెరుగుతుంది. 18 వరుసలు కనిపించేచోట 22 కనిపిస్తాయి. ఒక్క అక్షరాన్ని కూడా చిన్నది చేయకుండానే నాలుగు వరుసలు సంపాదించామన్నమాట.

నిలువు ప్యానెల్ పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ప్యానెల్‌ను నిలువుగా పెట్టడానికి రెండు విధానాలున్నాయి. మామూలు నిలువు విధానంలో విండోల పేర్లు కూడా తొంభై డిగ్రీలు తిరిగిపోతాయి. రోమన్ అక్షరాలను పుస్తకం వెన్నుమీద చదివినట్లు అలా ఎలాగో చదవవచ్చునేమో గానీ, పక్కకు ఒరిగిన తెలుగులో వత్తు ఏ అక్షరానిదో పోల్చుకోవడమే కష్టం. డెస్క్‌బార్ అనే రెండో విధానంలో ప్యానెల్ నిలువుగా ఉన్నా అక్షరాలు మామూలుగా అడ్డంగానే ఉంటాయి. దాన్నే ఎంచుకోండి. అందులో వరుస పరిమాణం, వరుసల సంఖ్య కలిసి ప్యానెల్ వెడల్పును నిర్ణయిస్తాయి కనుక, ఒక్కో వరుస 40 పిక్సెళ్ల చొప్పున నాలుగు వరుసలిస్తే 160 పిక్సెళ్ల వెడల్పు వస్తుంది. అంత వెడల్పా అని సందేహించకండి. 1366లో 160 పోయినా 1206 మిగులుతాయి, ఏ4 పేజీ అందులో హాయిగా ఇముడుతుంది. ఆ 160 పిక్సెళ్లతో మీరు కొంటున్నది ఏమిటంటే, ప్రతి ఐకాన్ పక్కనా దాని పేరు తెలుగులో రాసుకునే అవకాశం.

ఐకాన్ల పేర్లు తీసివేయాలన్న మీ ప్రతిపాదనతో నేను ఏకీభవించలేకపోవడానికి కారణం కూడా అదే. సొరుగులాంటి బొమ్మ కనబడితే అది ఫైళ్లకు గుర్తని, భూగోళం కనబడితే అది ఇంటర్నెట్టుకని మనకు తెలుసు, ఎందుకంటే ఆ బొమ్మలను మనం ఇప్పటికే వేలసార్లు నొక్కి ఉన్నాం. మొదటిసారి వచ్చిన పింఛనుదారుకు గానీ, పోటీ పరీక్షకు దరఖాస్తు చేయడానికి వచ్చిన అమ్మాయికి గానీ ఆ పరిచయం ఉండదు. బొమ్మ దొరికే వేగాన్ని పెంచుతుంది, అర్థాన్ని చెప్పేది మాత్రం పేరే. తెలుగు చదవగలిగినవారికి తెలుగులో పేరు చూపించకుండా బొమ్మను ఊహించమనడం, వారి కోసమే చేసిన తెలుగు అమరికలోంచి తెలుగును తీసివేయడమే అవుతుంది.

ఇక డాక్‌ను మధ్యకు జరపడం గురించి. పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో ప్రచురించిన ప్రయోగాల ప్రకారం, ఒక లక్ష్యాన్ని చేరుకోవడానికి పట్టే సమయం దాని దూరంతో పెరుగుతుంది, దాని పరిమాణంతో తగ్గుతుంది. కంప్యూటరు తెరకు దీన్ని అన్వయిస్తే ఒక గొప్ప సౌలభ్యం బయటపడుతుంది. మౌస్‌ను ఎంత బలంగా తోసినా బాణం తెర అంచు దాటి పోదు, అందువల్ల అంచుకు ఆనుకుని ఉన్న బొత్తాం ఆ దిశలో అనంతమైన లోతు ఉన్నదానితో సమానం. మూల అయితే రెండు దిశల నుంచీ ఆపుతుంది, కాబట్టి చెయ్యి వణికే పెద్దలకు కూడా అది తేలికగా దొరుకుతుంది. మధ్యలో ఉండే డాక్ ఈ మూలలను వదులుకుంటుంది. అంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉంది: మధ్యకు సర్దిన వరుసలో కొత్త విండో ఒకటి తెరిస్తే మిగతా ఐకాన్లన్నీ కొంచెం ఎడమకు జరుగుతాయి, మూస్తే మళ్లీ కుడికి వస్తాయి. 2021లో వచ్చిన విండోస్ 11లో టాస్క్‌బార్ ఐకాన్లను మధ్యకు చేర్చినప్పుడు జరిగిందిదే. దాన్ని తిరిగి ఎడమకు సర్దుకునే ఎంపిక అందులో ఉంది కనుక సరిపోయింది.

నేర్చుకునేవారికి బొత్తాం ఉన్న చోటే దాని మొదటి పేరు. ఇది నాకు ఒక శిక్షణ కేంద్రంలో తెలిసివచ్చింది. అక్కడ కంప్యూటర్లన్నిటిలోనూ ప్యానెల్‌ను ఒక శనివారం సాయంత్రం పై అంచుకు మార్చాను. అలా ఉంటే అందంగా ఉంటుందని మనస్ఫూర్తిగా నమ్మాను. సోమవారం వచ్చినవారిలో ఒక పెద్దాయన తన నోటుపుస్తకం తెరిచి నాకు చూపించారు. అందులో ప్రతి పనికీ మొదటి వాక్యం ఒకటే: ఎడమవైపు కింద మూల నొక్కాలి. రెండు నెలలపాటు ఆయన రాసుకున్న పాఠాలన్నీ ఒక్క సాయంత్రంలో పనికిరాకుండా పోయాయి. ఆ రోజే అమరికను యథాస్థితికి తెచ్చాను. అప్పటి నుంచి నేను ఏ అమరికను మార్చవలసి వచ్చినా, ముందుగా ఆ వాడుకరులు వేటిని స్థానాన్నిబట్టి గుర్తుపెట్టుకున్నారో అడిగి రాసుకుంటాను.

అందువల్ల మీ ఎడమ ప్యానెల్‌లో మెనూను పైన కాకుండా అడుగునే, అంటే తెర ఎడమ కింది మూలలోనే పెట్టండి. మీ పాఠకులలో చాలామంది ఇంట్లోనో బడిలోనో ఇంటర్నెట్ కేంద్రంలోనో విండోస్ చూసి ఉంటారు, వారి చెయ్యి ముందుగా వెతికేది అక్కడే. విండోస్ 8లో 2012లో స్టార్ట్ బొత్తాన్ని తొలగించి, మరుసటి ఏడాది 8.1లో మళ్లీ అదే మూలకు తేవలసి వచ్చిందంటే ఆ అలవాటు ఎంత బలమైనదో అర్థం చేసుకోవచ్చు. మెనూ బొత్తాం అంచుకు పూర్తిగా ఆనుకుని ఉందో లేదో బాణాన్ని మూలకు తోసి నొక్కి చూడండి. థీమ్‌లో (బొత్తాలు, పట్టీల రూపాన్ని నిర్ణయించే ఫైళ్లలో) ఒక్క పిక్సెల్ ఖాళీ ఉండి ఆ నొక్కు బొత్తానికి అందకపోతే, పైన చెప్పిన సౌలభ్యమంతా పోతుంది. కేడీఈ ప్లాస్మా అనే మరో డెస్క్‌టాప్‌లో ప్యానెల్ అంచు నుంచి విడిగా తేలుతున్నట్లు కనిపించినా, ఆ ఖాళీలో నొక్కితే అది ప్యానెల్‌కే చేరేటట్లు చేశారు. అందం కోసం ఖాళీ వదలదలచినవారు ఆ పని కూడా చేయాలి. పై ప్యానెల్ లేకపోవడం వల్ల మీకు మరొక లాభం కలుగుతుంది. తెరంతా పరుచుకున్న విండోను మూసే బొత్తాం కుడి పై మూలకు చేరుతుంది, గురి చూడకుండానే దొరుకుతుంది.

టైటిల్ బార్‌ను దాచవద్దనడానికి కారణం ఆ బొత్తాలే. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఆ ఎంపిక ఉన్న మాట నిజమే, దానివల్ల మరో 26 పిక్సెళ్లు కలిసివస్తాయి. కానీ విండోను మూసే, చిన్నదిగా చేసే బొత్తాలు కూడా దానితోపాటే మాయమవుతాయి. కీబోర్డు సత్వరమార్గాలు తెలిసిన మనకు అది ఇబ్బంది కాదు. తెలియనివారు మాత్రం ఆ విండోలో చిక్కుకుపోయి కంప్యూటరునే ఆపివేస్తారు.

మెనూలన్నిటినీ తెర పైభాగంలో ఒకేచోట చూపడం మెకింతోష్‌లో 1984 నుంచీ ఉన్న పద్ధతి. అప్పటి తెర 512 × 342 పిక్సెళ్లది. అంత చిన్న తెరమీద, ఒకసారికి ఒకే ప్రోగ్రాము నడిచే కాలంలో అది చక్కని పరిష్కారం. ఆ వ్యవస్థలో ప్రోగ్రాములన్నీ ఆ నియమాన్ని పాటిస్తూ వచ్చాయి కనుక ఈనాటికీ అక్కడ బాగానే నడుస్తోంది. లినక్స్‌లో అన్ని ప్రోగ్రాములూ తమ మెనూను ప్యానెల్‌కు అప్పగించవు. కొన్నింటి మెనూ పైన, కొన్నింటిది విండోలో ఉంటే కొత్తవారికి ఏ నియమమూ అందదు. ఈ మార్పును మీ జాబితాలోంచి తీసివేయమనే చెబుతాను. పారదర్శకత సంగతి ఇంకా సులభం. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంతి భేదం కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలని వెబ్ అందుబాటు ప్రమాణాలు చెబుతాయి. ప్యానెల్ వెనుక వాల్‌పేపర్ కనిపిస్తున్నంతకాలం ఆ నిష్పత్తి బొమ్మ బొమ్మకూ మారుతుంది, మీ చేతిలో ఉండదు.

అక్షరాల పరిమాణం గురించి మాత్రం తొందరపడి ముగించలేను, తెలుగు అమరికలో అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. రోమన్ లిపిలో పేరు ఒకే వరుసలో సాగిపోతుంది. తెలుగులో అక్షరం పైకీ కిందికీ కూడా పెరుగుతుంది. పైన గుడి, ఏత్వం, కింద ఒకటి లేదా రెండు వత్తులు. బొత్తాం ఎత్తును ఇంగ్లీషు పదం కొలతతో బిగించి కట్టిన థీమ్‌లలో అడుగు భాగం తెగిపోతుంది. అది కేవలం అందానికి సంబంధించిన లోపం కాదు. ‘మార్చు’ అన్న బొత్తాంలో చ వత్తు తెగితే మిగిలేది ‘మారు’. ‘చేర్చు’ అన్నది ‘చేరు’ అవుతుంది. రెండూ అర్థమున్న మాటలే కావడంతో చదివేవారికి తెగిన సంగతి కూడా తెలియదు, చేయవలసిన పని మాత్రం తప్పుగా అర్థమవుతుంది. అందుకే నేను ఏ థీమ్‌ను పరీక్షించినా ముందుగా ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘ఉచ్ఛ్వాసం’, ‘చేర్చు’ అనే మాటలతో ఫోల్డర్లు సృష్టించి, పేర్లు పూర్తిగా కనిపిస్తున్నాయో లేదో చూస్తాను. తెగితే అక్షరాన్ని తగ్గించకూడదు. థీమ్ ఫైలులో ఆ బొత్తాం కనీస ఎత్తునూ, లోపలి ఖాళీనీ పెంచాలి. నోటో సాన్స్ తెలుగు ఫాంటును 11 పాయింట్లలో పెట్టి చూడండి. 9 పాయింట్లలో వత్తుల లోపలి సందులు పూడిపోయి నల్లని చుక్కల్లా కనిపిస్తాయి. మనం ప్యానెళ్ల నుంచి సంపాదించిన ఎత్తులో కొంత ఇక్కడ ఖర్చుపెట్టడమే న్యాయం.

పొడవైన పేర్లను కుదించే పద్ధతిని కూడా గమనించండి. ‘స్త్రీ’ మన కంటికి ఒక అక్షరం, యూనికోడ్‌లో అది ఆరు సంకేతాల వరుస. పేరును ఎన్నో సంకేతం దగ్గర తెంపాలో మాత్రమే లెక్కించే ప్రోగ్రాము దాన్ని మధ్యలో విరిచి, పొల్లుతో వేలాడే ముక్కను చూపిస్తుంది. అటువంటిది కనిపిస్తే అది ఫాంటు తప్పు కాదు, ఆ ప్రోగ్రాము లోపం కనుక ఫిర్యాదు అక్కడికే వెళ్లాలి. పనిలో పనిగా ఇంకొక విషయం: ఈ లాప్‌టాప్‌లలో మామూలుగా వాడే ఎక్స్‌ట్4 ఫైల్ వ్యవస్థలో ఫైలు పేరుకు పరిమితి 255 బైట్లు. తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి 85 సంకేతాలు దాటిన పేరుతో ఫైలు దాచడం కుదరదు. అర్జీ శీర్షికనంతా ఫైలు పేరుగా పెట్టేవారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

మీ జాబితాలో లేనివి రెండు మార్పులు నేను చేరుస్తాను. మొదటిది, కీబోర్డు ఏ భాషలో ఉందో చూపే గుర్తు. ఇప్పుడది మీ తెరపై కుడి మూలలో, గడియారం పక్కన చిన్న జెండాగా ఉంది. భారత జెండా తెలుగు కీబోర్డుకూ అదే, హిందీ కీబోర్డుకూ అదే. దాన్ని జెండాగా కాకుండా అక్షరాలుగా చూపే ఎంపిక ఆ గుర్తును చూపే ప్లగిన్‌లోనే ఉంది. గుర్తును ఎడమ ప్యానెల్ పై మూలకు, పెద్ద అక్షరాలతో మార్చండి. రాసే పేజీకి దగ్గరగా ఉంటుంది కనుక టైపు చేస్తున్నప్పుడే కంటపడుతుంది. లాగిన్ తెరమీద కూడా అది కనిపించేటట్లు చూడండి. పాస్‌వర్డ్ గుండ్రని చుక్కలుగా మాత్రమే కనిపించేచోట, కీబోర్డు తెలుగులో ఉండిపోయిందని తెలుసుకునే మార్గం అదొక్కటే.

రెండవది, సంభాషణ పెట్టెల్లోని బొత్తాలు. ఇంగ్లీషులో వేరువేరు మాటలున్న క్యాన్సిల్‌కూ అన్‌డూకూ తెలుగు అనువాదాల్లో చాలాచోట్ల ‘రద్దుచేయి’ అనే ఒకే మాట పడింది. ‘ఈ ముద్రణను రద్దు చేయాలా?’ అన్న ప్రశ్న కింద ‘సరే’, ‘రద్దుచేయి’ అని రెండు బొత్తాలు కనిపిస్తే, ముద్రణ ఆగాలని కోరుకునే మనిషి ఏది నొక్కాలి? ఆ పైన విండోస్‌లో అంగీకార బొత్తాం ఎడమ పక్కన, గ్నోమ్ సంప్రదాయంలో కుడి చివర ఉంటుంది. ఒకే తెరమీద రెండు సంప్రదాయాల ప్రోగ్రాములూ నడుస్తుంటే స్థానం కూడా దారి చూపదు. బొత్తాం మీదే జరగబోయే పనిని రాయడం దీనికి మందు: ‘ముద్రణ ఆపు’, ‘ముద్రణ కొనసాగించు’. ఇది అనువాదంతో సరిదిద్దగలిగిన అమరిక లోపం.

ఇక ఎలా ప్రతిపాదించాలన్న ప్రశ్న. మార్పులన్నిటినీ ఒకే ఉత్తరంలో పెట్టకండి, ఎందుకంటే వాటిని సరిదిద్దగలిగేవారు ఒకేచోట లేరు. ప్యానెల్ ప్రవర్తనకు సంబంధించినవి ఎక్స్‌ఎఫ్‌సీఈ వారు లోపాలను నమోదు చేసుకునే గిట్‌ల్యాబ్ వేదికలో, ఒక్కో లోపానికి ఒక్కో నివేదికగా నమోదు చేయాలి. అనువాదానికి సంబంధించినవి ట్రాన్సిఫెక్స్ అనే అనువాద వేదికలోని తెలుగు బృందానికి చేరాలి. వత్తులు తెగడం ఆ థీమ్ తయారుచేసినవారికి వెళ్లాలి. ప్రతి నివేదికలోనూ తెరచిత్రం, తెర పరిమాణం, ఫాంటు పేరు, కొలతలు ఉండాలి. లిపి తెలియని డెవలపరుకు ‘చేర్చు’, ‘చేరు’ అనే రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి, వాటి అర్థాలు వేరని ఒక వాక్యంలో చెప్పండి. ఎంత వాదించినా అర్థం కానిది ఆ రెండు బొమ్మలతో వెంటనే అర్థమవుతుంది. అందరికీ ఉండే సహజ అమరికను మార్చమని మాత్రం అడగకండి. మీ అవసరం మీ తెరలకు సంబంధించినది, వారికి పెద్ద తెరల వాడుకరులు కూడా ఉన్నారు. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ప్యానెల్ ప్రొఫైల్స్ అనే చిన్న ప్రోగ్రాము ఉంది. మీ ఎడమ ప్యానెల్ అమరికను దానితో ఒక ఫైలుగా దాచి, మిగతా లాప్‌టాప్‌లలోకీ, ఇతర గ్రంథాలయాలకూ పంచవచ్చు. ఎవరి అనుమతీ అవసరం లేదు.

పంచే ముందు ఒకే ఒక్క లాప్‌టాప్‌లో పెట్టి, అయిదుగురు పాఠకుల చేత మూడు పనులు చేయించండి: ఒక అర్జీ రాసి దాచడం, దాన్ని మళ్లీ వెతికి తెరవడం, ముద్రణ మొదలుపెట్టి మధ్యలో ఆపడం. వెనుక కూర్చుని ఏమీ చెప్పకుండా, వారి చెయ్యి ఎక్కడ ఆగిందో, బాణం ఏ మూలకు వెళ్లి వెనక్కు వచ్చిందో మాత్రమే రాసుకోండి. బాగుందా అని అడిగితే మన ముఖం చూసి బాగుందనే అంటారు. చెయ్యి ఆగిన చోటు మాత్రం అబద్ధం చెప్పదు. పాత అమరికను కూడా అదే ప్రోగ్రాముతో వేరే పేరున దాచి ఉంచండి. ఆ అయిదుగురిలో ముగ్గురు మెనూ కోసం వేరే మూలకు వెళ్తే, నేను చెప్పిన స్థానాన్ని పక్కనపెట్టి వారు వెళ్లిన మూలలోనే మెనూను పెట్టండి.